బీజగణితం మొదటి ఏడాది: ఏవి వచ్చి తీరాలి, ఏవి ఆగొచ్చు?
(ఆన్‌లైన్ చర్చ. ప్రతి మాటకూ పైన ఉన్నది రాసినవారి మారుపేరు.)

సుద్దముక్క
ఏడో తరగతిలో సామాన్య సమీకరణాలు, ఎనిమిదిలో ఏకచరరాశిలో రేఖీయ సమీకరణాలు, వాటి వెనకే సర్వసమీకరణాలు, కారణాంక విభజన. పాఠాల పట్టిక అందరికీ తెలిసిందే. అడుగుతున్నది వేరు. తొమ్మిదిలో కూర్చున్న పిల్లల్లో చాలామంది 2య + 3 ని 5య చేసేస్తున్నారు. −2(య − 5) విప్పమంటే −2య − 10 రాస్తున్నారు. పట్టిక పూర్తయింది, బీజగణితం రాలేదు. మొదటి ఏడాది చివరికి ఏవి చేతికి వచ్చి తీరాలి? ఏవి ఒక ఏడాది ఆలస్యమైనా నష్టం లేదు? సొంత కథలు పక్కనపెట్టి లెక్కలు, తప్పులు, వాటి కారణాలు చెప్పండి.

ఇంకో మాట. పుస్తకంలో ఎక్స్, వై ఉన్నచోట ఇక్కడ య, క అని రాద్దాం. కీబోర్డు మార్చే పని తప్పుతుంది.

ఎడమపక్షం
య, క కొత్తేమీ కాదు. భాస్కరాచార్యుడు 1150 ప్రాంతంలో తెలియని రాశికి యా (యావత్తావత్), రెండోదానికి కా (కాలకం), మూడోదానికి నీ (నీలకం) అనే రాశాడు.

విషయానికొస్తే, మొదటిది సమాన గుర్తు. ఈ ఒక్క ప్రశ్న ఇచ్చి చూడండి:

8 + 4 = □ + 5

పెట్టెలో 12 రాసినవాళ్లకూ, 17 రాసినవాళ్లకూ ఆ గుర్తు "జవాబు ఇక్కడ రాయి" అనే ఆజ్ఞ. 7 రాసినవాళ్లకే అది రెండు పక్షాల విలువ ఒకటే అని చెప్పే వాక్యం. చిన్న తరగతుల్లో ప్రతి లెక్కకూ కుడివైపున ఖాళీయే ఉంటుంది కాబట్టి ఈ అలవాటు పడటంలో వింతేమీ లేదు. అదే అలవాటుతో 3య + 4 = య + 10 ముందు కూర్చుంటే చెయ్యి ఆడదు. కుడివైపున జవాబుకు బదులు మళ్లీ ఒక లెక్కే ఉంది కదా.

విరుగుడు వారం రోజుల పని, అక్షరం లేకుండానే. 15 = 9 + 6 సరైన రాతేనా? 12 = 12 సరైనదేనా? 46 + 29 = 45 + □ ని కూడకుండా చెప్పు. ఈ చివరిదానికి "ఇటు ఒకటి తగ్గింది, అటు ఒకటి పెరగాలి, 30" అన్న పిల్లకు సమీకరణం సగం వచ్చినట్టే. దీంతోపాటు గొలుసు రాతను మొదటి రోజే ఆపండి: 5 + 3 = 8 × 2 = 16 − 4 = 12. ఇది చదివితే ఐదూ మూడూ పన్నెండు అని వస్తుంది. ఒక్కో లెక్క ఒక్కో వరసలో ఉండాల్సిందే.

లెక్కలపంతులు
సమాన గుర్తు సంగతి ఒప్పుకుంటాను. దానికంటే ముందు పూర్ణ సంఖ్యలు, భిన్నాలు. బీజగణితంలో తప్పు అని ఎర్రగీత పెట్టేవాటిలో చాలా వరకు అంకగణితం తప్పులే. పది ప్రశ్నల చీటీ, పదిహేను నిమిషాలు:

7 − 12
−3 − 5
5 − (−2)
(−4) × (−6)
18 − 10 + 1
−3², (−3)² రెండూ
2/3 + 1/4
6 ÷ 2/3
ఏ సంఖ్యలో ముప్పావు వంతు 12?
8 + 4 = □ + 5

మార్కులకంటే తప్పు జవాబులు చదవడం ముఖ్యం. −3 − 5 కి 8 వస్తే "మైనస్ మైనస్ ప్లస్" పాట గుణకారంలోంచి కూడికలోకి దూరింది. 18 − 10 + 1 కి 7 వస్తే బోడ్‌మాస్‌లో (ఏ పని ముందు చేయాలో చెప్పే నియమం) కూడిక ముందు, తీసివేత తర్వాత అని నేర్చుకున్నాడు. అవి రెండూ ఒకే మెట్టు, ఎడమ నుంచి కుడికి వచ్చిన వరసలో చేయాలి, జవాబు 9. 6 ÷ 2/3 కి 4 వస్తే భాగించలేదు, గుణించాడు. −3² కి 9 వస్తే ఘాతాంకం 3 కే తగిలిందని తెలియదు, రేపు య = −3 పెట్టి −య² కట్టమంటే మళ్లీ ఇక్కడే పడతాడు.

ఏడుకంటే తక్కువ వస్తే బీజగణితం మొదలుపెట్టకూడదు.

కసాగు
ఆ లెక్కన కొన్ని సెక్షన్లలో సంక్రాంతి సెలవుల దాకా మొదలే కాదు పంతులుగారూ.

పద్మజ_గణితం
ఆపక్కర్లేదు. మరమ్మతు లోపలే చేయొచ్చు. రోజూ పీరియడ్‌లో మొదటి ఐదు నిమిషాలు ప్లస్, మైనస్ గుర్తుల లెక్కలు నాలుగు, భిన్నాలవి రెండు. ఆ రోజు సమీకరణాల్లో ఏ సంఖ్యలు వస్తాయో అవే ఇవ్వాలి. −3య = 12 చెప్పే రోజు 12 ÷ (−3) ముందే చేయించాలి.

ఋణ సంఖ్యల మీద ఒక హెచ్చరిక. ధనం, అప్పు అనే పోలిక కూడికకు బాగా పనికొస్తుంది. బ్రహ్మగుప్తుడు 628లో సూత్రాలు రాసిందీ ఆ మాటలతోనే. గుణకారానికి అది సాగదు. అప్పును అప్పుతో గుణించడం అంటే ఏమిటో ఎవరూ చెప్పలేరు, కాబట్టి పిల్లలు బట్టీ పడతారు. దానికి విభాగ న్యాయమే దారి, అంటే బ్రాకెట్ బయటి సంఖ్యతో లోపలి ప్రతి పదాన్నీ గుణించడం. 4 + (−4) = 0 కాబట్టి (−3) × [4 + (−4)] కూడా 0. విప్పితే −12 + (−3)(−4) = 0. కనుక (−3)(−4) విలువ 12 తప్ప ఇంకోటి కాలేదు. మూడు వరసలు. ఏడో తరగతి పిల్లలు దీన్ని అందుకుంటారు, పైగా రాబోయే బ్రాకెట్లకు ఇదే సన్నాహం.

ఎడమపక్షం
ఇక అక్షరం. "ఆ అంటే ఆపిల్, బా అంటే బనానా, మూడు ఆపిల్స్‌కు రెండు బనానాలు కలపలేం" అని సజాతి పదాలు చెప్పడం మానేయాలి. ఆ రోజుకు పని జరుగుతుంది, ఏడాదంతా దెబ్బ తీస్తుంది. అక్షరం సంఖ్యకు బదులు, వస్తువుకు కాదు. పెన్ను 8 రూపాయలు, నోటుబుక్కు 25 రూపాయలు అయితే మొత్తం 8ప + 25న. ఇక్కడ ప అంటే ఏమిటి అని అడగండి. "పెన్ను" అని వస్తే ఆపిల్ పాఠం ఫలితమే. ప అంటే కొన్న పెన్నుల సంఖ్య.

2య + 3 = 5య ఎందుకు రాస్తారంటే మధ్యలో కూడిక గుర్తు ఉంటే పని ఇంకా మిగిలిందని వాళ్ల లెక్క. 2య + 3 అనేదే పూర్తయిన జవాబు కావచ్చని ఎవరూ చెప్పలేదు. వాదించకుండా య = 4 పెట్టించండి: ఒకవైపు 11, ఇంకోవైపు 20. అయితే య = 1 పెడితే రెండూ 5 వస్తాయి, జాగ్రత్త. పరీక్షించడానికి 0, 1, 2 వాడకూడదు. య², 2య రెండూ ఒకటేనని నమ్మేవాళ్లకు 2 కూడా సాక్ష్యం చెబుతుంది.

య = 5 అయితే 3య ఎంత అంటే 35 అనేవాళ్లూ ఉంటారు. అంకె పక్కన అక్షరం ఉంటే గుణకారం అన్నది ఒక ఒప్పందం, దానంతట అది తెలిసేది కాదు. మొదటి రెండు వారాలు 3 × య అనే రాయించి, తర్వాత గుర్తు తీసేయడం మేలు.

సుద్దముక్క
సమీకరణం సాధించడం దగ్గరకు వద్దాం. "పక్షం మారితే గుర్తు మారుతుంది" అని చెప్పాలా, "రెండు వైపులా అదే పని" అని చెప్పాలా?

లెక్కలపంతులు
పక్షాంతరం తప్పు కాదండీ. రెండు వైపులా అదే పని చేసే సమతూకాన్ని రెండు వరసల నుంచి ఒక వరసకు కుదించిన రాత అది. ఎనిమిదికి వచ్చాక కూడా ప్రతి మెట్టుకూ "రెండు వైపులా 4 తీసివేయగా" అని రాయిస్తే పేజీలు నిండుతాయి, పరీక్షలో టైము చాలదు. మన పాత తరగతులన్నీ పక్షాంతరం మీదే నడిచాయి.

ఎడమపక్షం
కుదింపు అన్నారు, సరే. కుదించాలంటే ముందు పూర్తి రాత ఉండాలి. ఆ వాక్యంతో మొదలుపెట్టిన పిల్లలు రాసేవి ఇవి:

3య = 12 → య = 12 − 3 = 9
3య = 12 → య = 12 ÷ (−3) = −4
−3య = 12 → య = 12 ÷ 3 = 4

మొదటివాడు గుణకాన్ని కూడిక అనుకున్నాడు. రెండోవాడు గుణకం భాగహారంగా మారుతుందని తెలుసుకున్నాడు, "గుర్తు కూడా మారాలి" అన్న మాట వదల్లేదు. మూడోవాడూ అదే మాట విని మైనస్‌ను ప్లస్ చేశాడు. ముగ్గురూ నియమం పాటించినవాళ్లే. ఏ గుర్తు, ఎందుకు అన్నది ఆ నియమంలో లేదు.

నేను చెప్పే క్రమం: సమీకరణం చూడగానే "య కి ఏమేం జరిగింది?" అని అడగాలి. 3య + 4 = 19లో ముందు 3తో గుణించారు, తర్వాత 4 కలిపారు. విప్పేటప్పుడు చివర చేసింది ముందు. రెండు పక్షాల్లోంచీ 4 తీసేయాలి, తర్వాత రెండింటినీ 3తో భాగించాలి. చేసిన పనిని మార్జిన్‌లో "−4", "÷3" అని రాయాలి. సమాన గుర్తులు ఒకదాని కింద ఒకటి రావాలి. ఇలా నలభై యాభై లెక్కలు అయ్యాక పిల్లలే మధ్య వరస ఎగరగొడతారు. అప్పుడు దానికి పక్షాంతరం అని పేరు పెట్టండి, అభ్యంతరం లేదు.

సమీకరణాన్ని తక్కెడగా చూపే బొమ్మకు కూడా హద్దుంది. 3య + 4 = 19కి బాగుంటుంది, ఋణ బరువు కావాల్సిన య + 7 = 3 దగ్గర ఆగిపోతుంది. రెండు మూడు పీరియడ్లు వాడి వదిలేయాలి.

లెక్కలపంతులు
నలభై యాభై చేయిస్తే నాకూ అభ్యంతరం లేదు. చాలాచోట్ల నాలుగైదు చేయించి సూత్రం చెప్పేస్తున్నారు. గొడవ అక్కడుంది.

పద్మజ_గణితం
ఎంత వరకు వస్తే సమీకరణం వచ్చినట్టు? నా గీత ఈ రెండు లెక్కలు.

ఒకటి: 5య − 3(2 − య) = 4(య + 1) − 2
విప్పితే 5య − 6 + 3య = 4య + 4 − 2
కలిపితే 8య − 6 = 4య + 2
4య = 8, య = 2
సరిచూస్తే ఎడమ 10 − 0 = 10, కుడి 12 − 2 = 10.

ఇందులో ముఖ్యమైన చోటు −3(2 − య). రెండో పదం +3య అవుతుంది. బ్రాకెట్ ముందున్న −3 మొత్తం లోపలికి వెళ్తుంది, రెండో పదం దాకా దాని గుర్తు వెంటే ఉంటుంది. −3య అని రాస్తే 2య − 6 = 4య + 2, య = −4 వస్తుంది. సరిచూస్తే ఎడమ −38, కుడి −14. తప్పు బయటపడుతుంది.

రెండోది భిన్నాలతో: (య − 1)/2 − (య − 2)/3 = 1
క.సా.గు. 6. ప్రతి పదాన్నీ 6తో గుణించాలి: 3(య − 1) − 2(య − 2) = 6
3య − 3 − 2య + 4 = 6, య + 1 = 6, య = 5
సరిచూస్తే 4/2 − 3/3 = 1.

ఇక్కడ రెండు తప్పులు పదేపదే వస్తాయి. −2(య − 2) ని −2య − 4 చేస్తే య = 13 వస్తుంది. కుడివైపు 1ని 6తో గుణించడం మరిచిపోతే య = 0 వస్తుంది. ఆ 0ని మొదటి సమీకరణంలో పెట్టి చూడండి: −1/2 + 2/3 = 1/6. రావాల్సింది 1, వచ్చింది సరిగ్గా అందులో ఆరో వంతు. ఏ తప్పు చేశారో కూడా సరిచూడటమే చెప్పేసింది. అందుకే నాలుగు మార్కుల ప్రశ్నలో ఒక మార్కు సరిచూడటానికే ఇవ్వాలంటాను. మార్కు లేకపోతే ఎవరూ చేయరు.

కసాగు
సరిచూడమంటే చివరి వరసలో పెట్టి చూస్తారు కొందరు. 4య = 8లో య = 2 పెడితే రాక ఏమవుతుంది! ప్రశ్నలో ఇచ్చిన మొదటి రూపంలోనే పెట్టాలని విడిగా చెప్పాలి.

టెక్సాస్_తెలుగు
పోల్చుకోవడానికి ఇక్కడి, అంటే అమెరికాలోని టెక్సాస్ బడుల సంగతి. ఆల్జీబ్రా వన్ అనేది ఒకే ఏడాది కోర్సు. మామూలుగా తొమ్మిదో గ్రేడులో, ముందున్న పిల్లలకు ఎనిమిదిలో. చివర రాష్ట్ర పరీక్ష ఉంటుంది. రేఖీయ సమీకరణాలు, అసమీకరణాలు, రెండు సమీకరణాల జతలు, ఘాతాంకాలు, వర్గ ప్రమేయాలు, కొంత ఘాత ప్రమేయం. మనవైపు ఆరు నుంచి పది దాకా పరిచేదాన్ని ఇక్కడ ఒక డబ్బాలో పెడతారు. ఇంకో తేడా, ఇక్కడ మొదటి నెలల్లోనే పట్టిక, గ్రాఫు, సూత్రం మూడూ కలిసి వస్తాయి. వాలు అంటే మార్పు రేటు అని ముందే వినిపిస్తుంది. మనవైపు వాలు చాలా ఆలస్యంగా, నిరూపక జ్యామితితో వస్తుంది.

అలాగని ఇక్కడంతా బాగుందని కాదు. రెండు ద్విపదుల గుణకారానికి నాలుగక్షరాల గుర్తు ఒకటి నేర్పుతారు: మొదటివి, బయటివి, లోపలివి, చివరివి. (య + 2)(య² + 3య + 1) ఇస్తే అది పనిచేయదు, పిల్లలు బిక్కమొహం వేస్తారు.

ఎడమపక్షం
దానికి దీర్ఘచతురస్రమే చాలు. ఒక భుజం య + 2, ఇంకోటి య + 3. నాలుగు గళ్లు: య², 3య, 2య, 6. మొత్తం య² + 5య + 6. మూడు పదాలు వస్తే ఇంకో నిలువు గీత. (అ + ఆ)² = అ² + ఆ² అనేవాళ్లకూ ఇదే బొమ్మ మందు, రెండు గళ్లు ఖాళీగా వదిలేశారని కంటికే కనిపిస్తుంది. 3, 4 పెడితే 49 ఒకవైపు, 25 ఇంకోవైపు.

గ్రాఫుకాగితం
గ్రాఫు గురించి టెక్సాస్ గారు అన్నది నిజం. మన దగ్గర రెండు చరరాశుల రేఖీయ సమీకరణం వచ్చేదాకా సమీకరణానికి గ్రాఫు గీయడం పెద్దగా ఉండదు, వచ్చాక కూడా "రెండు బిందువులు పెట్టి గీత గీయి"తో అయిపోతుంది. మూడు బిందువులు తప్పనిసరి చేయాలి. 2య + 3క = 12కి (6, 0), (0, 4), (3, 2). ఏ రెండు బిందువులైనా ఒక గీత మీదే ఉంటాయి, తప్పైనవి కూడా. మూడోది గీత మీద పడకపోతేనే తప్పు తెలుస్తుంది. ఇంకా చూడాల్సినవి: (0, 4)ని అడ్డగీత మీద పెట్టడం, స్కేలు మధ్యలో మార్చడం (0, 1, 2, 5, 10 అని సమాన దూరాల్లో రాస్తారు), అక్షాలకు పేరు రాయకపోవడం.

పనికొచ్చే ఉదాహరణ ఆటో ఛార్జీ. మొదటి 2 కిలోమీటర్లకు 40 రూపాయలు, ఆపైన కిలోమీటరుకు 15 అనుకుందాం. దూరం ద అయితే ఛార్జీ 40 + 15(ద − 2). చాలామంది 40 + 15ద రాస్తారు. 2 కిలోమీటర్లకు ఎంత అంటే 70 వస్తుంది, తప్పు అక్కడే దొరుకుతుంది. సరైనదాన్ని విప్పితే 15ద + 10. ఇప్పుడు అడగండి: ఈ 10 ఏమిటి? ఆటోవాడు 10 రూపాయలు ఎక్కడా అడగలేదే? అది గీతను వెనక్కి పొడిగిస్తే నిలువు అక్షాన్ని తాకే చోటు, అంతే. ద = 1 పెడితే 25 వస్తుంది, ఇవ్వాల్సింది 40. అంటే సూత్రం ద ≥ 2 అయినప్పుడే పనిచేస్తుంది, అంతకుముందు గ్రాఫు అడ్డంగా చదునుగా ఉంటుంది. రెండు పీరియడ్లలో చరరాశి, బ్రాకెట్, వాలు, సూత్రానికి హద్దు అన్నీ వచ్చేస్తాయి.

సుద్దముక్క
మాటల లెక్కలు? సమీకరణం ఇస్తే చేసేస్తారు, వాక్యం ఇస్తే కాగితం తెల్లగా ఉంటోంది.

పద్మజ_గణితం
మాటల లెక్కను ఒకే పని అనుకోవడం వల్లే. అందులో మూడు పనులున్నాయి: దేనికి అక్షరం పెట్టామో రాయడం, మాటలను బీజీయ సమాసాలుగా (4య + 5 లాంటివి) మార్చడం, ఏది దేనికి సమానమో పట్టుకోవడం. మొదటి నెల సాధించొద్దని చెప్పి ఈ మూడే చేయించండి. "కొడుకు వయసు" అని రాస్తే చాలదు. "ఇప్పుడు కొడుకు వయసు, ఏళ్లలో = య" అని రాయాలి.

తండ్రి వయసు కొడుకు వయసుకు 4 రెట్లు. 5 ఏళ్ల తర్వాత 3 రెట్లు అవుతుంది. సమీకరణం రాసేముందు నాలుగు గళ్ల పట్టిక: ఇప్పుడు య, 4య, తర్వాత య + 5, 4య + 5. అప్పుడు 4య + 5 = 3(య + 5), య = 10. తండ్రికి 40. అయిదేళ్లకు 15, 45, సరిపోయింది. బ్రాకెట్ వదిలేసి 4య + 5 = 3య + 5 రాసినవాళ్లకు య = 0 వస్తుంది. అప్పుడే పుట్టిన కొడుకు, సున్నా ఏళ్ల తండ్రి. జవాబు రాసి కింద గీత గీసేస్తారు, ఒక్కసారి చదువుకోరు.

ఇంకోటి, "ఒక్కో టీచరుకు 30 మంది విద్యార్థులు". విద్యార్థులు వ, టీచర్లు ట. 30వ = ట అని రాయడం పెద్దవాళ్లలోనూ ఉంది. వాక్యంలో 30 విద్యార్థుల పక్కన ఉంది కాబట్టి అక్షరం పక్కన పెట్టేస్తారు. ట = 2 అయితే వ ఎంత, 60. ఏ రూపంలో నిలుస్తుందో చూడు: వ = 30ట. సంఖ్య పెట్టి చూడటం తప్ప దీనికి వేరే మందు లేదు.

ఇంగ్లీషు మీడియం వాళ్లకు అదనపు చిక్కు. "ఫైవ్ లెస్ దేన్ ఎ నంబర్" అంటే మాటల వరసలోనే 5 − య రాస్తారు. "ఒక సంఖ్య కంటే 5 తక్కువ" అని ఒకసారి తెలుగులో అనిపిస్తే య − 5 సులువుగా వస్తుంది.

కసాగు
కారణాంక విభజన గురించి ఎవరూ మాట్లాడరేం? ఫౌండేషన్ కోర్సుల వాళ్లు ఏడులోనే మధ్య పదాన్ని విడగొట్టిస్తున్నారు.

లెక్కలపంతులు
పిల్లలు చేయగలిగితే చేయనివ్వండి. తొందరగా వస్తే నష్టమేముంది?

ఎడమపక్షం
నష్టం ఉంది. య² + 7య + 12 ని (య + 3)(య + 4) చేసే పిల్లలను 5య + 5 ఉమ్మడి కారణాంకం తీయమంటే 5(య) రాస్తారు, ఆ 1 మాయం. (2య + 4)/2 ఇస్తే పై 2నీ కింది 2నీ కొట్టేసి య + 4 అంటారు. య = 3 పెడితే అసలు విలువ 5, వాళ్లది 7. లబ్దంలో కారణాంకాన్ని కొట్టేయొచ్చు, మొత్తంలో పదాన్ని కొట్టేయకూడదు అన్నది రాకుండా మధ్య పదం విడగొట్టడం చేతి అలవాటు మాత్రమే. మొదటి ఏడాదికి ఉమ్మడి కారణాంకం తీయడం చాలు, అదీ విప్పి సరిచూసుకుంటూ. 6య² + 9య = 3య(2య + 3) దాకా. త్రిపదులు (య² + 7య + 12 లాంటి మూడు పదాలవి), సర్వసమీకరణాల పట్టిక, ఘనాలు ఏడాది తర్వాత వస్తే ఏమీ కాదు.

దాని బదులు సూత్రం తిప్పడం పెట్టండి. భౌతికశాస్త్రానికి వెంటనే కావాలి. ఫారెన్‌హీట్ డిగ్రీలు ఫ, సెల్సియస్ డిగ్రీలు స అయితే, ఫ = 9స/5 + 32 నుంచి స తీయమంటే 5ఫ/9 − 32 అని చాలామంది రాస్తారు. 32 ముందు పోవాలి: స = 5(ఫ − 32)/9. ఫ = 212 పెడితే సరైనది 100 ఇస్తుంది, తప్పుది 86 దగ్గర తేలుతుంది. నీరు ఎంత దగ్గర మరుగుతుందో అందరికీ తెలుసు కాబట్టి వేరే సాక్ష్యం అక్కర్లేదు.

లెక్కలపంతులు
సూత్రం తిప్పడం ఒప్పుకుంటాను. త్రిపదులు ఏడాది ఆపడం మాత్రం ఒప్పుకోను. ఎనిమిది పుస్తకంలో ఉంది, పరీక్షలో వస్తుంది. టీచరు చేతిలో లేని సంగతి అది.

సుద్దముక్క
పరీక్షలో ఉంటుంది కాబట్టి తీసేయలేం, నిజమే. ముందు వెనకలు మార్చుకోగలం. ఏడు, ఎనిమిదిలో బీజగణితానికి నలభై పీరియడ్లు దొరికితే ఎలా పంచుతారు?

పద్మజ_గణితం
నా పంపకం: గుర్తులు, భిన్నాల మరమ్మతు 5. సమాన గుర్తు, అక్షరం 4. సమాసాలు, బ్రాకెట్లు 6. సమీకరణాలు 10. మాటల లెక్కలు 8. పట్టిక, గ్రాఫు 5. అసమీకరణాలు 2. అసమీకరణాల్లో ఒక్కటే కొత్త సంగతి, ఋణ సంఖ్యతో గుణించినా భాగించినా గుర్తు తిరగబడటం. 2 < 5 అయితే −2 > −5 అని సంఖ్యారేఖ మీద చూపించి, −2య < 6 నుంచి య > −3 రాయించి, య = 0 పెట్టి సరిచూస్తే సరి.

గ్రాఫుకాగితం
మాటల లెక్కలను 8 పీరియడ్ల ముద్దగా పెట్టకండి మేడమ్. రెండో వారం నుంచి రోజుకొకటి ఉండాలి. చివర్లో పెట్టినవి ఎప్పుడూ సిలబస్ తరుముడులో కొట్టుకుపోతాయి.

టెక్సాస్_తెలుగు
ఇంటిపని గురించి కూడా. ఫోను కెమెరా చూపిస్తే మెట్లతో సహా సాధించే యాప్‌లు ఉన్నాయి. "సాధించు" అని ఇచ్చిన ఇరవై లెక్కలూ నిమిషాల్లో కాపీ అవుతాయి. దాని బదులు చేసి పెట్టిన సాధన ఒకటి ఇచ్చి, ఏ వరసలో తప్పు జరిగింది, ఎందుకు, సరిచేసి రాయి అనాలి. జవాబు య = −3 వచ్చేలా, రెండు వైపులా చరరాశి ఉండేలా ఒక సమీకరణం తయారుచేయి అనడం ఇంకా మంచిది. ఒక్కొక్కరిదీ ఒక్కోలా వస్తుంది, పక్కవాడిది పక్కవాడే దిద్దుతాడు.

కసాగు
అలా తయారు చేయమంటే 2(య + 3) = 2య + 6 లాంటివి పట్టుకొస్తారు. సాధిస్తే 0 = 0 వస్తుంది. వెంటనే య = 0 అని రాసేస్తారు. దాన్ని ఏం చేయాలి?

ఎడమపక్షం
మంచిదే, అవి పట్టుకురావాలి. పక్కనే 2(య + 3) = 2య + 5 కూడా పెట్టండి, అది 6 = 5 దగ్గర ఆగుతుంది. రెండింట్లోనూ య మాయమైంది కాబట్టి ఇక య విలువ గురించి కాదు, మిగిలిన వాక్యం నిజమా కాదా అని అడగాలి. 0 = 0 ఎప్పుడూ నిజం, కాబట్టి య ఏ సంఖ్యైనా సరిపోతుంది. 100 పెట్టమనండి, −7 పెట్టమనండి. 6 = 5 ఎప్పుడూ అబద్ధం, ఏ సంఖ్యా సరిపోదు. ఇక 5య = 0 అనేది వేరు, అక్కడ య మిగిలే ఉంది, దాని విలువ సున్నా. ఈ మూడూ ఒకే బోర్డు మీద పక్కపక్కన రాయండి. విడివిడిగా వేరే రోజుల్లో చెబితే కలిపేసుకుంటారు.